కోసిన కడుపులో వైశ్వానరుడు

మా మేనత్తది అంబాజీపేట. ఎనభై దాటినా, విస్తరి ముందు కూర్చుంటే గీత పదిహేనో అధ్యాయం చదివితే గానీ ముద్ద నోట పెట్టదు. ఆ అధ్యాయంలోనే కృష్ణుడు, తాను వైశ్వానరాగ్ని రూపంలో ప్రాణుల కడుపుల్లో ఉండి నాలుగు రకాల అన్నాన్నీ అరిగిస్తానని చెబుతాడు. బరువు తగ్గడానికి నేను పొట్ట ఆపరేషన్ చేయించుకున్న సంగతి తెలిశాక ఆవిడ అడిగిన మాట ఇది: "ఆయన ఉండే చోటే కదే అది! ముప్పాతిక కోయించి పారేస్తే, మిగిలిన పావులో ఎలా సర్దుకుంటాడనుకున్నావు?" నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "రేపు ఆ పావులోనే ఏ కేన్సరో పుడితే అదెవరి ఖాతాలో రాయాలి? నీదా, డాక్టరుదా, పైవాడిదా?"

రెండు ప్రశ్నలూ గట్టివే. మొదటిదానికి మన పురాణాలే జవాబు చెబుతాయి. రెండోదాని దగ్గరే నాకు చాలాకాలం కాలు ఆగిపోయింది.

నేను కోనసీమలో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆపరేషన్‌కి ముందు నా బరువు 108 కిలోలు. అష్టోత్తరం అని స్టాఫ్‌రూములో నాకో ముద్దు పేరు ఉండేది. ముఖం మీద అనేవారు కారు గానీ చెవిన పడేది. షుగరు, బీపీ, మెట్లెక్కితే మోకాళ్లు, రాత్రి గురకలో ఊపిరాగి ఉలిక్కిపడి లేవడం. నడక, ఉపవాసాలు, కొర్రలు, అరికెలు, ఎవరో ఇచ్చిన పొడులు అన్నీ అయ్యాకే సర్జన్ దగ్గరికి వెళ్లాను.

ఈ బరువు ఎక్కడిదని అడిగితే, కొంత రక్తంలోది, కొంత వయసుది, చాలామటుకు మా వంటింటిది. నందన కరువు చూసిన నేల ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అదే నేల అన్నపూర్ణ అయింది. ఆకలి గుర్తున్న ఊళ్లకి అన్నం అంటే ఎంత భక్తో డొక్కా సీతమ్మగారి పేరు చెబితే చాలు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆవిడ, లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్లకి కూడా ఆకు వేసింది. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరి, దారిలో ఆకలితో తన ఇంటికే వస్తున్న పెళ్లివారి మాటలు విని, దర్శనం మానుకుని వెనక్కి తిరిగి పొయ్యి వెలిగించిందని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే.

అన్నదానం సంగతి సరే. మిగిలిన అన్నం సంగతి ఎవరూ రాయరు. అన్నం పారేస్తే పాపం. అందరూ తిని లేచాక గిన్నె అడుగున ఉన్న పప్పుచారన్నం, పిల్లాడు వదిలేసిన పెరుగన్నం, వచ్చినవాళ్లు సగం కొరికి పెట్టిన అరిసె, ఇవన్నీ పాపం కాకుండా ఎక్కడికి పోవాలి? ఇంటి ఇల్లాలి కడుపులోకి పోవాలి. మా అమ్మ తిన్నది, నేను తిన్నాను. మెతుకు పారేసిన పాపం మాకు అంటలేదు గానీ నడుముకి చుట్టుకుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారని తేలింది. ఆ లెక్క చూసిన మగవాళ్లు కొందరు "ఆడవాళ్లకి పని తగ్గిపోయిందండీ" అంటారు. ఆయ్, తగ్గింది మరి! అంట్లు మేం తోముతున్నాం, అడుగున మిగిలింది కూడా మేమే తింటున్నాం.

సర్జన్ నాకు స్లీవ్ అనే పద్ధతి చెప్పారు. పొట్ట సంచిలో వంపు తిరిగిన పెద్ద భాగాన్ని, దాదాపు నూటికి 75–80 వంతులు, స్టేప్లరుతో కుట్టుకుంటూ కోసి బయటికి తీసేస్తారు. మిగిలేది అరటిపండంత గొట్టం. "చక్రకేళా, అమృతపాణా, బొంతా?" అని అడిగాను. రావులపాలెం అరటి మార్కెట్ పక్కనుంచి వచ్చినదాన్ని, ఆ మాత్రం వివరం కావాలి కదా. ఆయన హైదరాబాదు మనిషి. తేడా తెలియక తికమకపడ్డారు.

తీసేసిన ముక్క చూస్తానని ముందే అడిగి పెట్టుకున్నాను. పరీక్షకి పంపేముందు సీసాలో చూపించారు. లేత గులాబీ రంగు, ఒక అంచు పొడవునా వరసగా సన్నటి మెరిసే పిన్నులు. అందులోకి నేను పంపిన పులసలూ పూతరేకులూ గుర్తొచ్చి ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఆకలి మాత్రం ఆ సీసాతో పాటే వెళ్లిపోయింది. పొట్ట పైభాగంలో గ్రెలిన్ అనే హార్మోన్ తయారై, తినమని మెదడుకి కబురు పెడుతుందట. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని కనిపెట్టారు. కోసి తీసే ముక్కలో అది ఎక్కువగా పుట్టే చోటు కూడా ఉంటుంది. అందుకే చాలామందికి కొంతకాలం ఆకలన్నదే తెలియదు. గడియారం చూసి తినడం నాకు అప్పుడే అలవాటైంది.

ఇక అత్త మొదటి ప్రశ్న. కోసిన చోట దేవుడు ఇముడుతాడా? పంచారామాల కథ తెలిసినవాళ్లు ఈ మాట అడగక్కర్లేదు. తారకాసురుడి మెడలోని ఆత్మలింగం కుమారస్వామి దెబ్బకి అయిదు ముక్కలై అయిదు చోట్ల పడింది. ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం మా గోదావరి జిల్లాలవే, అయిదోది అమరావతి. ఏ గుడిలోనైనా ఇది అయిదో వంతు శివుడని అయిదో వంతు అభిషేకం చేస్తున్నారా? ముక్క ముక్కా పూర్తి శివుడే. అమరావతిలో ఇంకో కథ ఉంది. లింగం పెరిగిపోతూ ఉంటే ఆపడానికి నెత్తిన మేకు కొట్టారట. పెరుగుదల అపాయమైతే దేవుడికైనా శస్త్రం తప్పలేదని నేనంటే అత్త చెంపలు వేసుకుంది. నా చెంపలు కూడా వేసింది.

ప్రసాదం దగ్గర మాత్రం నాకు నిజంగానే గుబులుండేది. సత్యనారాయణ వ్రతకథలో కళావతి, భర్త వచ్చాడన్న తొందరలో ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తితే పడవ మునిగిపోతుంది. ఆ కథ విని పెరిగినదాన్ని అన్నవరం కొండ మీద ఆకు దొప్పలో వేడివేడి ప్రసాదం పట్టుకుని నిలబడ్డాను. గోధుమ నూక, పంచదార, నెయ్యి. ఆపరేషన్ అయిన కొత్తల్లో తీపి ఎక్కువైతే గుండె దడ, చెమటలు, కడుపులో మెలి. ఒక్క పలుకు నాలుక మీద వేసుకుని తక్కినది పక్కావిడకి ఇచ్చాను. ద్రౌపది అక్షయపాత్రకి అంటుకున్న ఒక్క మెతుకు కృష్ణుడు నోట వేసుకుంటే దుర్వాసుడికీ శిష్యులందరికీ కడుపు నిండిపోయిందని క్లాసులో చెప్పేదాన్ని నేనే. ఎంత తిన్నామన్నది లెక్కలోకి రాదని నమ్మే మతం మనది. కొసరి కొసరి వడ్డించడం మా జిల్లా మర్యాద. దాన్ని శాస్త్రం అనుకోవడమే చిక్కు.

రెండో ప్రశ్న దగ్గరికి రావాలంటే మావయ్య సంగతి చెప్పాలి. అత్త ఆ మాట ఊరికే అనలేదు. 1970ల్లో మావయ్యకి కడుపులో పుండని సగం పొట్ట తీసి పేగుకి కలిపారు. అప్పట్లో ఆ ఆపరేషన్ మా ఊళ్లలో కొత్త కాదు. పాతికేళ్లు బాగానే ఉన్నాడు. తర్వాత ఆ మిగిలిన పొట్టలోనే కేన్సరొచ్చింది. పుండుకి పొట్ట కోసినవాళ్లలో పదిహేను, ఇరవై ఏళ్లు దాటాక మిగిలిన ముక్కలో కేన్సర్ రావచ్చన్నది వైద్యులకి గత శతాబ్దం నుంచీ తెలిసిన సంగతే. పేగులోకి పోవాల్సిన పైత్యరసం పొట్టలోకి ఎగదన్ని, ఏళ్ల తరబడి లోపలి పొరని పాడుచేయడం అందుకు ఒక కారణం. బరువు తగ్గించే ఆపరేషన్లు వచ్చాక, ఇక్కడా అలాగే జరుగుతుందేమోనన్న భయం డాక్టర్లకే ముందు కలిగింది.

మావయ్యకి పుండు వచ్చినప్పుడు బంధువులు అత్తనే అన్నారు. ఆవిడ ఆవకాయలో కారం ఎక్కువట, వేళకి అన్నం పెట్టదట. కేన్సర్ వచ్చినప్పుడు మళ్లీ అవే మాటలు, పైన పూర్వజన్మ పాపం ఒకటి. అత్త వాటిని ఇన్నేళ్లూ మోసింది.

నాకు ఆపరేషన్‌కి ముందు ఎండోస్కోపీ చేశారు. లోపలి పొరలోంచి నువ్వుగింజంత ముక్క తీసి, పసుపుపచ్చని చుక్క ఉన్న చిన్న పలక మీద పెట్టారు. చూస్తూండగానే ఆ చుక్క గులాబీ రంగుకి తిరిగింది. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఉందన్నమాట. మన దేశంలో చాలామంది కడుపుల్లో ఉంటుంది, చాలామందికి ఏ హానీ చేయదు. 1982లో ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని కనిపెట్టి, పుండ్లకి ముఖ్యకారణం ఇదేనన్నారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తనే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం దీన్ని కేన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. నాకు రెండు వారాలు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. నోరంతా ఇనుము నాకినట్టు చేదు. మళ్లీ పరీక్షించి, పోయిందని తేలాకే కోశారు.

ఈ సంగతి అత్తకి వివరంగా చెప్పాను. పుండుకి నీ ఆవకాయ కారణం కాదత్తా, ఆ పురుగు అయ్యుంటుంది అన్నాను. (ఉప్పులో ఊరేసినవి, ఉప్పుచేపలు మితిమీరి తింటే పొట్ట కేన్సర్ ముప్పు పెరుగుతుందన్నది నిజమే. కానీ అదే జాడీలోంచి తీసుకుని తిన్న అత్తకి ఏమీ కాలేదు కదా.) ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ మాట అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే!" అంది. కర్మ సిద్ధాంతాన్ని మనం ఎంత తేలిగ్గా నిందకి వాడుకుంటామో ఆ రోజు నాకు అర్థమైంది. కారణం వెతికే ఓపిక లేనివాడు పాపం వెతుకుతాడు. అది దొరికే మొదటి చోటు ఇంట్లో ఆడదాని దగ్గరే.

మరి నా కడుపు మాటేమిటి? భయం పుట్టించే మాటలు చాలా విన్నాను గనక లెక్కలు కూడా చూశాను. ఫ్రాన్స్‌లో బరువు ఆపరేషన్ అయిన సుమారు 3 లక్షల మందిని, అలాంటి బరువే ఉండి ఆపరేషన్ చేయించుకోని 6 లక్షల మందిని పోల్చి 2023లో ఫలితాలు వేశారు. ఆపరేషన్ అయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. అన్నవాహిక, పొట్ట కేన్సర్లు రెండూ కలిపి లక్షమందికి ఏడాదికి ఆపరేషన్ అయినవాళ్లలో 4.9, కానివాళ్లలో 6.9. రాజమండ్రి ఊరు ఊరంతా, 2011 లెక్కల ప్రకారం 3 లక్షల 40 వేల మంది అనుకుంటే, అందరూ ఆపరేషన్ చేయించుకుంటే ఏడాదికి పదిహేడు మందికి, అందరూ లావుగా అలాగే ఉండిపోతే ఇరవై ముగ్గురికి అన్నమాట. అది ఫ్రాన్స్ లెక్క, మనది కాదు. చూసింది కూడా కొన్నేళ్లే, మావయ్యకి పట్టిన పాతికేళ్లు కాదు. అయినా కోత వల్లే కేన్సర్ అనేవాళ్ల నోరు మూయించడానికి చాలు. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలకి అన్ని రకాల కేన్సర్లూ కలిపి బాగా తగ్గాయి. మగవాళ్లలో ఆ తేడా కనబడలేదు. గర్భాశయం, నెలసరి ఆగాక వచ్చే రొమ్ము కేన్సర్, పొట్ట పైమొదలు కేన్సర్, ఇలాంటి 13 రకాలకి ఊబకాయంతో సంబంధం ఉందని 2016లోనే తేల్చారు. కాబట్టి కోయించుకోకపోవడం కూడా ఏమీ ముప్పులేని దారి కాదు.

ముప్పు ఉన్న చోట ఉంది. స్లీవ్ అయినవాళ్లలో కొందరికి పులితేన్పులు, గుండెమంట పెరిగి, ఏళ్లు గడిచాక అన్నవాహిక చివర పొర మారిపోతుంది. బైపాస్ అయినవాళ్లది ఇంకో చిక్కు. మా సైన్సు టీచరు చేయించుకుంది అదే. ఆవిడ క్రైస్తవురాలు. శరీరం దేవుడి ఆలయమని పౌలు చెప్పాడు కదమ్మా, దాన్ని కోయిస్తావా అని పాస్టరుగారు అడిగితే, "మన చర్చికి పోయినేడు పైకప్పు మార్పించారు కదండీ" అని వచ్చిందట. బైపాస్‌లో పొట్టని కోసి తీసేయరు. చిన్న సంచి వేరు చేసి పేగుకి కలిపి, పెద్ద భాగాన్ని లోపలే మూసి వదిలేస్తారు. మామూలు ఎండోస్కోపీ గొట్టం అక్కడికి చేరదు. అందులో ఏదైనా పుడితే తెలియడం ఆలస్యం. అలాంటి కేసులు అరుదే, కానీ ఉన్నాయి. అందుకే కోయకముందే లోపల చూసి, క్రిమి ఉంటే చంపి, ఆ తర్వాత మూయాలి.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది వేరే. కొంచెం తినగానే కడుపు నిండిపోవడం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, వాంతి, రక్తం తక్కువవడం: పొట్ట కేన్సర్ వస్తే కనిపించే గుర్తులివి. మా ఆపరేషన్ ఇచ్చేవి కూడా ఇవే! ఇందులో సగానికి మేం డబ్బు కట్టాం. మామూలు మనిషి ఏడాదిలో పదిహేను కిలోలు తగ్గితే ఇల్లంతా కంగారుపడుతుంది. నేను తగ్గితే, "అబ్బ, పెళ్లికూతురిలా ఉన్నావే" అంటారు. జబ్బు మెచ్చుకోలు చాటున దాక్కోగలదు. వైశ్వానరుడు మనిషితో మాట్లాడేది ఆకలి ద్వారా. ఆ గొంతు నేను తగ్గించేసుకున్నాను. వినికిడి తగ్గినవాళ్లు ఎదుటివాళ్ల పెదవులు గమనిస్తారే, ఆ శ్రద్ధ ఇప్పుడు నేను పెట్టాలి. ఈ ఆపరేషన్‌తో వచ్చిన ధర్మమంటూ ఒకటుంటే అది ఇదే. కోయించుకోవడం తప్పా ఒప్పా అన్నది ఆ ఒక్కరోజుతో తీరిపోయే చర్చ. కనిపెట్టుకుని ఉండడం మాత్రం బతికినంత కాలం.

కర్మని మన పెద్దలు మూడు రకాలుగా చెప్పారు: సంచితం, ప్రారబ్ధం, ఆగామి. కూడబెట్టింది, ఇప్పుడు అనుభవిస్తున్నది, ఇకపై చేయబోయేది. మనవాళ్ల నోళ్లలో మధ్యదే నానుతుంది; మూడోది మాట్లాడేవాళ్లు లేరు. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి చెప్పిందేమిటంటే, పాత ప్రయత్నమూ కొత్త ప్రయత్నమూ రెండు పొట్టేళ్లలా ఢీకొంటాయి, బలమున్నది గెలుస్తుంది అని. పాతదానికి దైవమని పేరు పెట్టి చేతులు ముడుచుకోవడం ఆయనకి అసలు గిట్టదు. లక్షమందిలో 4.9 అన్నది నా తలరాత కాదు. అది ఒక గుంపు లెక్క, అందులో నా పేరు లేదు. నాకు వస్తే నూటికి నూరూ వచ్చినట్టే, రాకపోతే సున్నా. ఆ రెండింటి మధ్యా చేయగలిగిన పని ఒకటుంది, దాన్ని దేవుడు నాకే వదిలేశాడు. అందుకే అత్త అడిగిన ఖాతా మాటకి నా జవాబు: కేన్సర్ వస్తే ఎవరి ఖాతాలోనూ రాయక్కర్లేదు. చూపించుకోకుండా కూర్చుంటే మాత్రం నా ఖాతాలోనే రాయి.

నాలాగే ఈ ఆపరేషన్ చేయించుకున్న అక్కచెల్లెళ్లు ఇప్పుడు మా జిల్లాల్లో తక్కువేం లేరు. చాలామంది బంధువులకి చెప్పరు. గాల్‌బ్లాడర్ తీయించామని, హెర్నియా అని చెబుతారు. బంధువులకి చెప్పకండి, ఫరవాలేదు. డాక్టరుకి మాత్రం దాచకండి. మీకు చేసింది స్లీవా, బైపాసా, మినీ బైపాసా అన్నది తెలుసుకుని, డిశ్చార్జి కాగితం జిరాక్సు తీయించి ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచండి. స్లీవ్, మినీ బైపాస్ అయినవాళ్లు మొదటి ఏడాది ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఎండోస్కోపీ చేయించుకోవాలని ఈ ఆపరేషన్లు చేసే సర్జన్ల అంతర్జాతీయ సంఘమే చెప్పింది. బి12, ఐరన్ మాత్రలు మానకండి. మానకుండా వేసుకున్నా రక్తం తగ్గుతుంటే కారణం అడగండి. బరువు ఒకచోట నిలిచాక మళ్లీ దానంతటది తగ్గడం మొదలైతే, మింగుడు పడకపోతే, విరేచనం నల్లగా అయితే, ఆ వారంలోనే వెళ్లండి. ఎండోస్కోపీకి ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదు. ఆకలి లేని మనకి అదేం పెద్ద కష్టం కాదు. పరీక్ష పది నిమిషాల్లో అయిపోతుంది.